మన పిట్టల పేర్లు మనమే రాసుకోవాలి

 

ఈసారి గోడపత్రికలో రాయడానికి 9వ తరగతి వంతు వచ్చినాది. తెలుగు మేడమ్ గారు "మీకు తోచిన అభిప్రాయం రాయండి, పుస్తకంలోంచి ఎత్తి రాయొద్దు" అన్నారు. నాకు తోచినది పిట్టల గురించి. పిట్టల మీద అభిప్రాయమేటి అని కొందరు నవ్వుతారు. ఆఖరి వరకు చదివి అప్పుడు నవ్వండి.

నవంబరు 12వ తేదీ సలీం ఆలీ గారి పుట్టినరోజు. ఆయన 1896లో పుట్టారు. మన దేశంలో పక్షుల గురించి ఆయనంత తిరిగి, ఆయనంత రాసినవారు లేరని అంటారు. ఆయన పేరు మీద ఆ వారంలో వచ్చిన ఆదివారం నాడు సైన్స్ మేడమ్ గారు, పీఈటీ మేడమ్ గారు మా తరగతిని బొబ్బిలి పట్నంలోని చెరువు దగ్గరకు తీసుకువెళ్ళారు. తెల్లవారకుండానే లేచి, రాగిజావ తాగి, ఇద్దరిద్దరుగా లైను కట్టి వెళ్ళాము. అందరి చేతిలోనూ ఒక కాగితం, ఒక పెన్సిలు. చూసిన పిట్ట పేరు రాయాలి, అది ఏం చేస్తున్నదో రాయాలి. అంతే పని.

చెరువు గట్టుకి చేరేసరికి ఇంకా మంచు ఉన్నాది. మంకీ టోపీలు పెట్టుకున్న తాతగార్లు నడుస్తున్నారు. మేము గలగలా మాట్లాడుతూ ఉంటే పీఈటీ మేడమ్ గారు విజిల్ నోటిలో పెట్టుకొని, పిట్టలు లేచిపోతాయని మళ్ళీ తీసేశారు. విజిల్ ఊదకుండా ఆవిడ ఉన్న రోజు అదొక్కటే.

పట్నం చెరువులో ఏం పిట్టలు ఉంటాయి, కాకులే కదా అనుకున్నాను. కానీ చాలా ఉన్నాయి. నీటిలో పాతిన కర్ర మీద నీటికాకి రెండు రెక్కలూ చాపుకొని కూర్చున్నది. దాని ఈకలు బాగా తడిసిపోతాయంట, అందుకని మనం బట్టలు ఆరేసుకున్నట్టు అది రెక్కలు ఆరేసుకుంటాదని మేడమ్ గారు చెప్పారు. మునుగుడు కోడి చిన్న కొబ్బరికాయంత ఉంటాది. ఇక్కడ మునిగి ఎక్కడో తేలుతాది. ఎక్కడ తేలుతాదో అని మేము పందెం వేసుకున్నాం. నేను మూడుసార్లూ ఓడిపోయాను. గుర్రపుడెక్క ఆకుల మధ్య గుడ్డికొంగ మట్టిరంగులో కదలకుండా ఉన్నది. ఎగిరితే మాత్రం తెల్లగా మెరిసిపోయినాది. కరెంటు తీగ మీద నుంచి లకుముకి పిట్ట నీలంగా వచ్చి నీటిలో పడి చేపతో లేచినాది. తోక ఊపుకుంటూ బురదలో నడిచే చిన్న పిట్ట ఒకటి ఉన్నది. అది చలికాలానికి హిమాలయాల వైపు నుండి, ఇంకా పై దేశాల నుండి వస్తాదంట. అరచేతిలో పట్టేంత పిట్ట అంత దూరం ఎలా వచ్చినాదో!

రామచిలుకల గుంపు అరుచుకుంటూ మా మీదుగా వెళ్ళినప్పుడు చిన్న తగవు వచ్చినాది. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట అని ఒక అమ్మాయి, కాదు రామచిలుక అని ఇంకొక అమ్మాయి. పాలపిట్ట ఉమ్మడి రాష్ట్రానిదని, ఇప్పుడది తెలంగాణకు ఉన్నదని, ఆంధ్రప్రదేశ్‌కు 2018 నుండి రామచిలుకే రాష్ట్ర పక్షి అని మేడమ్ గారు తీర్పు చెప్పారు. పాత గైడులో పాలపిట్ట అనే ఉంటాది, పరీక్షలో జాగ్రత్త.

ఇంత వరకు అందరికీ తెలిసినదే. ఇక నా సంగతి చెబుతాను.

చెరువుకి ఆ మూల కాలువ కలిసే చోట పొదలు ఉన్నాయి. అందులోంచి ఒక పిట్ట బయటకు వచ్చినాది. నల్లని వీపు, తెల్లని ముఖం, తెల్లని రొమ్ము, తోక కింద ఇటుక రంగు. అడుగు అడుగుకీ తోక పైకి ఎగరేస్తున్నాది. దానిని చూడగానే నాకు మా ఊరు కళ్ళ ముందు కనబడినాది. నేను లైను దాటి ముందుకు వెళ్ళి చెప్పేశాను. "మేడమ్, ఇది మా ఊరి గెడ్డ పక్కన ఉంటాది. వానాకాలంలో రాత్రి పూట కూడా అరుస్తాది, నిద్ర పోనివ్వదు. దీని పిల్లలు బొగ్గుముక్కల్లాగ నల్లగా ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన కొద్దిసేపటికే తల్లి వెనక నడుస్తాయి."

మేడమ్ గారు చాలా సంతోషించి, "భలే చెప్పావమ్మా! దీని పేరేమిటి?" అన్నారు.

నోరు తెరిచాను. పేరు రాలేదు.

తెలుగు పేరు నాకు మొదటి నుంచీ తెలియదు. మా సవర భాషలో పేరు తెలుసు. మా తాత ఆ పేరు చెప్పి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి దాని కూత కూసేవాడు. అది గెడ్డ అవతల నుంచి బదులు పలికేది. తాత కూత నా చెవిలో ఉన్నాది, పేరు మాత్రం లేదు. ఆఖరికి "ఒంతిద్" అన్నాను. ఒంతిద్ అంటే మా భాషలో పిట్ట అని. పిట్ట పేరేటి అంటే పిట్ట అని చెప్పినట్టు అయినాది. వెనక కొందరు కిసుక్కున నవ్వారు. మేడమ్ గారు నవ్వలేదు. పుస్తకం తీసి చూసి "వైట్ బ్రెస్టెడ్ వాటర్‌హెన్, తెలుగులో నీటికోడి" అని చెప్పారు. అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. 16 రకాల పిట్టలు చూశామని లెక్క తేలినాది. హాస్టలుకి వచ్చాక ఉప్మా నా గొంతు దిగలేదు.

ఆ రోజంతా ఆలోచించాను. ఆ పేరు నా దగ్గర నుంచి ఎవరు పట్టుకుపోయారు? ఎవరూ పట్టుకుపోలేదు. మా మేడమ్ గార్లు ఎవరూ మీ భాష మాట్లాడొద్దని నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నేనే వదిలేశాను. 5వ తరగతిలో హాస్టలుకి వచ్చినప్పుడు నా మాట విని పక్క మంచం పిల్లలు నవ్వేవారు. అప్పటి నుండి తెలుగే మాట్లాడాలని పట్టు పట్టాను. మా ఇంట్లో నాకు ముందు చదువుకున్నవాళ్ళు లేరు. మా నాన్న వేలిముద్ర వేస్తాడు. నేను చదవాలి, బాగా మాట్లాడాలి, అదే ధ్యాస.

ఒక మాట రాయడానికి సిగ్గుగా ఉన్నాది గాని రాస్తాను. 7వ తరగతిలో ఉన్నప్పుడు మా తాత నన్ను చూడడానికి వచ్చాడు. గుమ్మలక్ష్మీపురం దాకా నడిచి, అక్కడ నుంచి బస్సులు మారి, సీతాఫలాలు తువ్వాలులో మూటకట్టుకొని వచ్చాడు. గేటు దగ్గర నన్ను చూసి సవరలో పలకరించాడు. పక్కన నా స్నేహితురాళ్ళు ఉన్నారు. నేను తెలుగులో బదులు చెప్పాను. తాత ఒక నిమిషం నా ముఖం చూశాడు. తర్వాత తనకి వచ్చిన వంకర తెలుగులోనే మాట్లాడి వెళ్ళిపోయాడు. సీతాఫలాలు అందరం తిన్నాం. చెరువు దగ్గర నోరు తెరిచి నిలబడినప్పుడు నాకు ఆ గేటు గుర్తుకు వచ్చినాది.

కావున నా అభిప్రాయం ఏటంటే, మన ఇళ్ళల్లో పిట్టలకు ఉన్న పేర్లు మనమే పుస్తకంలో రాసుకోవాలి. తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు పక్కనే ఇంటి పేరు కూడా రాయాలి. అది మన నోట్సులో తప్పు కాకూడదు.

ఎందుకు రాయాలి? పేరులో ఏముందని కొందరు అనవచ్చు. పేరులో చూపు ఉన్నాది. తెలుగు పేర్లే చూడండి. మునిగేది మునుగుడు కోడి. దగ్గరకు వెళ్ళే వరకు కదలనిది, కళ్ళు లేవేమో అనిపించేది గుడ్డికొంగ. మానుని తొలిచేది వడ్రంగి పిట్ట. జెముడు పొదల్లో తిరిగేది జెముడుకాకి. పశువుల వెంట తిరిగే నల్లపిట్ట పసులపోలిగాడు. ఈ పేర్లు పెట్టినవాళ్ళు కాలేజీలో చదివినవారు కారు. పశువులు కాసినవాళ్ళు, చేపలు పట్టినవాళ్ళు, పొలంలో ఎండలో నిలబడి చూసినవాళ్ళు. మన తాతలు కూడా అలాగే కొండ మీద నిలబడి చూసి పేర్లు పెట్టారు. పట్నం పక్కన ఉన్న పిట్టను పట్నం వాళ్ళు చూశారు. కొండల్లో ఉన్న పిట్టను మనవాళ్ళు చూశారు. ఆ పేరు పోతే ఆ చూపు కూడా పోతాది.

మన ఊరి సంగతే చూద్దాం. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగినాది. 250 ఏళ్ళు దాటిపోయినా తాండ్ర పాపారాయుడి పేరు, మల్లమ్మదేవి పేరు ఒకటో తరగతి గుంటకి కూడా తెలుసు. ఎందుకు? ఇక్కడ స్తంభం కట్టారు, కథలు చెప్పారు, పాటలు పాడారు, పుస్తకాలు రాశారు. ఎవరూ ఏమీ చెయ్యకుండా ఉంటే ఈ పేర్లూ పోయేవి. వాళ్ళ పేర్లు ఇన్ని వందల ఏళ్ళు నిలిచినాయి. మా గెడ్డ పక్క పిట్ట పేరు తాత నుంచి మనవరాలికి రాకముందే పోబోయినాది.

ఇది మన వల్ల కాని పని కాదు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాము. దండ వేస్తాము, పాటలు పాడుతాము. ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండి, సవర మనిషిని పక్కన పెట్టుకొని సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బడులు పెట్టారు, వాచకాలు రాశారు. సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయినాయి. జనం మాట్లాడే తెలుగే పుస్తకాలలో రాయాలని పోరాడినది కూడా ఆయనే. ఒడిషాలో మంగేయ్ గొమాంగో గారు 1936లో సవర భాషకు లిపి తయారుచేశారు. మన రాష్ట్రంలోనే 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ మొదలైన భాషలలో చిన్నపిల్లలకు తెలుగు లిపిలో వాచకాలు మొదలుపెట్టారు. తెలుగు పంతులు గారు మన మాటలు కూడబెట్టి పుస్తకం చేస్తే, సవర పిల్లనైన నేను నా మాటను గేటు దగ్గర వదిలేశాను. ఇది ఎవరి తప్పు? నాదే.

ఇంకొక సంగతి కూడా దాచకుండా రాస్తాను. ఆ రోజు తిరిగి వస్తున్నప్పుడు ఒకమ్మాయి "మీవాళ్ళకి పిట్టలు తెలుసుగానీ తినడానికి" అన్నాది. నాకు కోపం వచ్చినాది గాని అది అబద్ధం కాదు. మావాళ్ళు పిట్టలను తిన్నారు. మా అన్నయ్య దగ్గర గులేరు ఉన్నాది. పోడులో కొర్ర, గంటె పండే రోజుల్లో నేను కూడా మంచె ఎక్కి ఒడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలను తోలాను. తోలకపోతే మాకు గింజ మిగలదు. ఇప్పుడు పిట్టలను కొట్టడం తప్పని నాకు తెలుసు. 1972లో వచ్చిన వన్యప్రాణి చట్టం కూడా ఒప్పుకోదు. సెలవులకి వెళ్ళినప్పుడు అన్నయ్యకు చెబుతాను. కానీ తోలినవాళ్ళకి, వేటాడినవాళ్ళకి తెలిసినది కూడా తెలివే. ఏ పిట్ట ఎప్పుడు గుడ్లు పెడతాదో, ఏ చెట్టు పండుకి వస్తాదో, ఏది మునుపు వచ్చేది ఇప్పుడు రావడం లేదో, అది వాళ్ళకే ముందు తెలుస్తాది.

సలీం ఆలీ గారి కథ కూడా అలాగే మొదలైనాది. చిన్నప్పుడు ఆయన ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉన్నాది. ఇదేం పిచ్చుక అని మేనమామను అడిగారు. ఆయన బొంబాయిలో ఉన్న ప్రకృతి చరిత్ర సంఘానికి పంపించారు. అక్కడి దొర ఈ పిల్లాడిని తిట్టకుండా, దాని పేరు చెప్పి, దాచి ఉంచిన పక్షులన్నీ చూపించారు. కొట్టిన పిల్లాడు పేరు అడిగాడు. అక్కడి నుంచే అంత పెద్ద మనిషి అయ్యాడు. వేటాడినవాళ్ళని చూసి నవ్వితే ఏమీ రాదు. పేరు అడిగితే ఏదో ఒకటి వస్తాది.

పిట్టలను కాపాడడానికి కూడా డిగ్రీలు అక్కరలేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి పెలికాన్లు అనే గూడబాతులు, రంగు కొంగలు వచ్చి చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ముక్కు మధ్యలో సందు ఉండి నత్తలు తినే కొంగలు వానలతోపాటు వస్తాయి. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని కొట్టరు, ఎవరినీ కొట్టనివ్వరు. అవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్పుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ గూడబాతులు, రంగు కొంగలు మన దేశపు పిట్టలేనని, నీరు, తిండి వెతుక్కుంటూ తిరుగుతాయని మేడమ్ గారు చెప్పారు. బయట దేశం నుంచి వచ్చినాదంటేనే మనకి గొప్ప. ఇంటి పక్కదంటే గొప్ప లేదు. పిట్టలకీ అంతే, మాటలకీ అంతే.

కొందరు అక్కలు ఇలా అంటారని నాకు తెలుసు. "ఇవన్నీ పరీక్షలో వస్తాయా? పదో తరగతి మార్కులు ముఖ్యం, ఇంగ్లీషు ముఖ్యం." నిజమే. ఇంగ్లీషు రావాలి, తెలుగు బాగా రావాలి. నేను ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టే మీరందరూ చదువుతున్నారు. కానీ ఒకటి రావాలంటే ఒకటి పోవాలా? గిన్నెలో అన్నం పెట్టుకోవాలంటే కూర పారబోస్తామా? ఒక పిట్టకు మూడు పేర్లు తెలిస్తే బుర్ర బరువెక్కిపోదు. ఇంకొకరు "మాది సవర కాదు, జాతాపు, మా ఇంట్లో తెలుగే" అంటారు. ఇంట్లో తెలుగు అయినా ఊరి మాట వేరేగా ఉంటాది. జాతాపు వాళ్ళు, గదబ వాళ్ళు, కొండదొర వాళ్ళు అందరూ ఇంట్లో ముసలివాళ్ళను అడిగితే ఏదో ఒక పేరు, ఏదో ఒక కథ దొరుకుతాది.

నడక అయిన తర్వాత ఇంటికి ఫోను చేసే రోజున నేను నాన్న ఫోనులో తాతను అడిగాను. సవరలోనే అడిగాను. మాట తడబడినాది, పక్కన లైనులో ఉన్న పిల్లలు విన్నారు, అయినా అడిగాను. తాత ముందు నవ్వాడు, తర్వాత ఫోనులోనే కూత కూశాడు, తర్వాత పేరు చెప్పాడు. చేతి మీద పెన్నుతో రాసుకున్నాను. ఇంకొక పిట్ట గురించి అడిగాను. చిన్నప్పుడు తాతే చెప్పాడు, పొడుగు తోక ఉంటాదని. తాత చాలాసేపు ఆలోచించి, "దాని పేరు మా అమ్మకి తెలుసు. ఇప్పుడు అది రాదు. రాని పిట్టకి పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను. ఫోను టైము అయిపోయినాది.

అందుకే పెద్దలకు, తోటివారికి నా మనవి ఇది. మన లైబ్రరీలో ఒక పెద్ద నోటు పుస్తకం పెట్టాలి. నాలుగు గళ్ళు గీయాలి. ఒకటి పిట్ట బొమ్మ, రెండు తెలుగు, ఇంగ్లీషు పేర్లు, మూడు ఇంటి పేరు, ఏ ఊరిలో ఎవరు చెప్పారు, నాలుగు అది ఏం తింటాది, ఎప్పుడు కనబడుతాది. దీనికి మార్కులు వద్దు, బహుమతి వద్దు. బహుమతి పెడితే లేని పేర్లు కూడా పుట్టుకొస్తాయి. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు ఐదు పేర్లు అడిగి తెస్తే చాలు. వార్డెన్ మేడమ్ గార్లను కోరేది ఒక్కటే. చూడడానికి తాతలు, అమ్మమ్మలు వచ్చినప్పుడు వాళ్ళని కూడా ఆ పుస్తకం దగ్గర కాసేపు కూర్చోబెట్టండి. వాళ్ళకి చదవడం రాదు, చెప్పడం వస్తాది. రాయడం మాకు వస్తాది కదా, మీరే నేర్పారు.

ఆ నీటికోడికి మా పేరు ఏటి అని అడుగుతారు. ఇక్కడ రాయను. గోడ మీద చదివి వెళ్ళిపోతారు. కావలసినవాళ్ళు బి సెక్షన్‌లో కిటికీ పక్క బెంచీ దగ్గరకు రండి. పేరు చెబుతాను, కూత కూడా కూసి చూపిస్తాను. బదులుగా మీ ఇంటి పిట్ట పేరు ఒకటి చెప్పాలి.

తప్పులు ఉంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, బి సెక్షన్